సైలెన్సర్‌లోకి వెళ్లిన పొగ ఏమవుతుంది?

కారులో ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీళ్లు పుడతాయి. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అదే. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారి వెనక గొట్టంలోంచి బయటికి పోతుంది. చలికాలం పొద్దున్నే బండి స్టార్ట్ చేస్తే సైలెన్సర్ చివర చుక్కలు చుక్కలుగా నీళ్లు కారేది అందుకే. అది చూసి హెడ్ గాస్కెట్ (ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ద్రవం సిలిండర్లలోకి రాకుండా ఆపే సీలు) పోయిందేమోనని టెన్షన్ పడి షెడ్డుకి పరిగెత్తేవాళ్లున్నారు. బండి బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, కూలెంట్ తరచూ తగ్గిపోతుంటే అప్పుడు అనుమానించాలి. అంతవరకు ఆ నీళ్ల గురించి బెంగ అక్కర్లేదు.

ఆ లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో ఉంటుంది. అది పూర్తిగా మండడానికి సుమారు 11 కిలోల గాలి కావాలి, అంటే దాదాపు 9 వేల లీటర్లు. లోపలికి వెళ్లిందంతా ఏదో ఒక రూపంలో బయటికి రావాల్సిందే కదా. అలా గొట్టంలోంచి వచ్చే సుమారు 12 కిలోల వాయువులో 2.3 కిలోలు కార్బన్ డయాక్సైడ్, ఒక కిలో నీటి ఆవిరి, మిగిలినదంతా దాదాపుగా నైట్రోజన్. పేచీ అంతా వీటి మధ్య ఒకటీ రెండు శాతంగా దాక్కుని వచ్చేవాటితోనే: కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు. ఈ మూడూ కంటికి కనపడవు. కాబట్టి "నా బండికి పొగే రాదు" అన్న మాటకి పెద్ద విలువ లేదు.

ఇంజిన్ పని అయిపోయాక మిగిలినదాన్ని వెనక్కి తీసుకెళ్లి పారేసే గొట్టం అని చాలామంది సైలెన్సర్‌ని తేలిగ్గా తీసుకుంటారు. ఇప్పటి కార్లలో ఇంజిన్‌కి ఎంత పెట్రోలు పోయాలో చెప్పేది కూడా ఆ గొట్టమే. అది ఎలాగో తెలియాలంటే ఇంజిన్ గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

గుమ్మం దగ్గర

ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో సిలిండర్‌లో రెండు చుట్లకి ఒకసారి ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటుంది. అంటే సెకనుకి 25 సార్లు. నాలుగు సిలిండర్ల కారులో సెకనుకి 100 సార్లు మండిన వాయువు తన్నుకుని బయటికి వస్తుంది. ఆ సమయానికి దాని వేడి 700 నుంచి 900 డిగ్రీల దాకా ఉంటుంది. నాలుగు సిలిండర్ల నుంచి వచ్చే ఈ దెబ్బల్ని ఒక్క గొట్టంలోకి కలిపే ఇనుప చేతుల్లాంటి భాగం పేరు మేనిఫోల్డ్. పోత ఇనుముతో గానీ స్టీలుతో గానీ చేస్తారు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. రైలు వేగంగా వెళ్లిపోతే ప్లాట్‌ఫాం మీది కాగితాలు దాని వెనక లేచినట్టు, వేగంగా దూసుకుపోయే వాయువు తన వెనక ఒత్తిడి తగ్గిస్తుంది. ఆ ఖాళీ సిలిండర్‌లో మిగిలిపోయిన పొగని కూడా లాగేస్తుంది, అదే క్షణంలో తెరుచుకుంటున్న రెండో వాల్వ్ ద్వారా కొత్త గాలిని లోపలికి గుంజుతుంది. గొట్టం మరీ సన్నగా ఉంటే పొగకి దారి చాలదు. మరీ లావుగా ఉంటే వాయువు నెమ్మదించి ఈ లాగుడు పోతుంది. "ఇంజిన్‌కి కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి" అని షెడ్డుల్లో వినిపించే మాట పుట్టింది ఇక్కడే. లావు గొట్టం బిగిస్తే తక్కువ ఆర్‌పీఎమ్‌లో పికప్ పోతుందన్నది నిజం. కానీ కారణం ప్రెషర్ తగ్గడం కాదు, వేగం తగ్గడం. వెనక్కి నెట్టే ఒత్తిడి వల్ల ఏ ఇంజిన్‌కీ లాభం లేదు.

టర్బో ఉన్న కార్లలో ఈ వాయువు ఇంకో పని కూడా చేసి పోతుంది. మేనిఫోల్డ్ దాటగానే ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో ఇంజిన్‌లోకి గాలిని కుక్కుతుంది. పారేసే వేడిలోంచి పిండుకున్న బలం అది.

14.7 అనే అంకె

ఒక కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి సరిగ్గా సరిపోతుంది. గాలి తక్కువైతే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. గాలి కాస్త ఎక్కువైతే అవి తగ్గుతాయి గానీ నైట్రోజన్ ఆక్సైడ్ల బెడద పెరుగుతుంది. సిలిండర్‌లోని వేడికి గాలిలో మామూలుగా ఎవరి జోలికీ పోని నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. అలా పుట్టే ఆక్సైడ్లే ఎండలో ఇతర వాయువులతో కలిసి నేలమట్టపు ఓజోన్‌గా మారి ఊపిరితిత్తుల్ని మండిస్తాయి.

ఈ మూడింటినీ ఒకే డబ్బాలో సరిచేసేది క్యాటలిటిక్ కన్వర్టర్. పైకి చూస్తే స్టీలు డబ్బా. లోపల పింగాణీ దిమ్మ ఉంటుంది. దాని నిండా చదరపు అంగుళానికి 400 లెక్కన, సూది దూరేంత సన్నని చదరపు కన్నాలు ఆ చివర నుంచి ఈ చివరకి ఉంటాయి. వాటి గోడల మీద గరుకైన అల్యూమినా పూత, ఆ పూతలో చల్లినట్టుగా ప్లాటినం, పల్లాడియం, రోడియం. మొత్తం మీద కొన్ని గ్రాములే. కార్బన్ మోనాక్సైడ్‌కీ హైడ్రోకార్బన్లకీ ఆక్సిజన్ తగిలించి కార్బన్ డయాక్సైడ్‌గా, నీళ్లుగా మార్చేది ప్లాటినం, పల్లాడియం. నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్‌ని ఊడబీకి మామూలు నైట్రోజన్‌ని వదిలేసేది ముఖ్యంగా రోడియం.

చిక్కు ఎక్కడుందో చూడండి. మొదటి రెండు పనులకీ ఆక్సిజన్ కావాలి. మూడో పనికి ఆక్సిజన్ ఎక్కువ ఉండకూడదు. ఒకే డబ్బాలో రెండూ జరగాలంటే లోపలికి వచ్చే మిశ్రమం 14.7కి అటూ ఇటూ చాలా సన్నని పరిధిలోనే ఉండాలి. పాత కార్బ్యురేటర్‌కి అంత నిక్కచ్చితనం సాధ్యం కాదు. అందుకే ఆక్సిజన్ సెన్సర్ వచ్చింది. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సర్‌ని 1976లో మొదటగా వోల్వో కార్లకి బిగించారు. జిర్కోనియాతో చేసిన దాని ముక్కు పొగ గొట్టంలోకి పొడుచుకుని ఉంటుంది. బయట గాలిలో ఆక్సిజన్‌కీ లోపలి పొగలో ఆక్సిజన్‌కీ తేడాని బట్టి చిన్న కరెంటు పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగలకపోతే సుమారు 0.9 వోల్టులు, మిగిలితే 0.1 వోల్టు. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ ఆ సంకేతం చూసి పెట్రోలు తగ్గిస్తుంది, మళ్లీ పెంచుతుంది, మళ్లీ తగ్గిస్తుంది. బండి నడిచినంతసేపూ ఇదే వరస. కొంచెం అటూ ఇటూ ఊగడం లోపం కాదు, అవసరమే. కన్వర్టర్ పూతలో కలిపిన సీరియా అనే పదార్థం ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు దాచుకుని, తక్కువైనప్పుడు వదులుతూ ఆ ఊగిసలాటని సర్దుకుంటుంది.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇథనాల్ కలిపిన పెట్రోలు విషయంలోనూ సర్దుబాటు చేసేది ఈ సెన్సరే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి, సరిపోయే నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతోందని సెన్సర్ చెప్పగానే కంప్యూటర్ కాస్త ఎక్కువ ఇంధనం పోస్తుంది. మైలేజీ తగ్గడానికి ఇదొక కారణం.

కన్వర్టర్‌కి ఇంకో షరతు వేడి. 250, 300 డిగ్రీలు చేరేదాకా అది దాదాపు దండగే. ల్యాబ్ పరీక్షలో పెట్రోలు కారు వదిలే హైడ్రోకార్బన్లలో ఎక్కువ భాగం చల్లటి ఇంజిన్‌తో నడిచే మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే వస్తుంది. అందుకే పాత మోడళ్లలో సీటు కింద ఎక్కడో ఉండే కన్వర్టర్‌ని కొత్త కార్లలో మేనిఫోల్డ్‌కి ఆనించి పెడుతున్నారు. కిలోమీటరు దూరంలోని కిరాణా కొట్టుకి కారు తీసి, పది నిమిషాల్లో వెనక్కి వచ్చేస్తే కన్వర్టర్ ఉన్నా లేనట్టే. గొట్టంలో చేరిన నీళ్లు ఆవిరి కాకుండా నిలిచి తుప్పు కూడా పడుతుంది. కిలోమీటర్లు తక్కువ తిరిగిన బండి సైలెన్సర్ ముందు పోవడంలో ఆశ్చర్యం లేదు.

మన దేశానికి కన్వర్టర్ వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. అప్పట్లో పెట్రోలులో సీసం కలిపేవాళ్లు. ఇంజిన్ టకటకలాడకుండా ఉండడానికి 1920ల నుంచి ప్రపంచమంతా చేసిన పని అది. ఆ సీసం మనుషులకి విషమే గాక, కన్వర్టర్ పూత మీద పేరుకుని దాన్ని కూడా చంపేస్తుంది. కాబట్టి సీసం తీయకుండా కన్వర్టర్ పెట్టడం కుదరదు. 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి కన్వర్టర్ తప్పనిసరి చేసి, వాటికోసం సీసం లేని పెట్రోలు అమ్మడం మొదలుపెట్టారు. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం పోయింది. పిల్లల రక్తంలోకి చేరే సీసం తగ్గడానికి దారితీసిన ఈ మార్పులో కారు కింది ఒక డబ్బా పాత్ర ఇంత ఉందని చాలామందికి తెలియదు. అదే కథ గంధకంతో మళ్లీ నడిచింది. 2020 ఏప్రిల్ 1న కొత్త బండ్ల పొగకి ప్రభుత్వం పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాల్లో బీఎస్ 5ని దాటేసి నేరుగా బీఎస్ 6కి వెళ్లినప్పుడు ఇంధనంలో గంధకాన్ని 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి దించాల్సి వచ్చింది. కార్లు మార్చాలంటే రిఫైనరీలు కూడా మారాలి. బయటి నుంచి చూసేవాళ్లకి కనపడని ఖర్చు అక్కడే ఎక్కువ.

ఆ కొన్ని గ్రాముల లోహాల మీద దొంగల కన్ను కూడా పడింది. 2021లో రోడియం ధర ఔన్సుకి 29 వేల డాలర్ల దగ్గరకి వెళ్లింది. అప్పట్లో గుజరాత్, మహారాష్ట్రల్లో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. ఆ వ్యాన్ కిందికి దూరి విప్పడం సులువు.

దొంగలు కాకుండా ఓనర్లే తీయించుకునే రకం ఇంకొకటి. పికప్ పెరుగుతుందని, మైలేజీ వస్తుందని డబ్బా లోపలి పింగాణీ జాలీని పొడిచేసి ఖాళీ డబ్బా బిగిస్తారు. జాలీ నిజంగానే మూసుకుపోయి ఉంటే తేడా తెలుస్తుంది. బాగున్నదాన్ని తీస్తే ఇంటి కారుకి ఒరిగేది నామమాత్రం. పైగా కన్వర్టర్‌కి వెనక కూడా ఒక సెన్సర్ ఉంటుంది. ముందున్నది ఊగుతుంటే వెనకది నిలకడగా ఉండాలి. రెండూ ఒకేలా ఊగితే డబ్బా పని చేయట్లేదని కంప్యూటర్‌కి అర్థమై చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. అసలు జాలీ ఎందుకు మూసుకుపోయిందో చూడకుండా జాలీని కొట్టేయడం నా దృష్టిలో మెకానిక్ చేయాల్సిన పని కాదు. మిస్‌ఫైర్ అయిన, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండని ఇంజిన్ నుంచి కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వచ్చి అక్కడ మండితే పింగాణీ కరిగి ముద్దవుతుంది. ఆయిల్ తాగే ఇంజిన్‌తో పూత పాడవుతుంది. వెనక నీలం పొగ వస్తోందంటే ఆయిల్ కాలుతోందని గుర్తు. రోగం ఇంజిన్‌లో ఉంటుంది, బలయ్యేది కన్వర్టర్. కొత్తది వేసినా రోగం కుదర్చకపోతే అదీ పోతుంది.

డీజిల్ వేరే లోకం

డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ అవసరానికి మించిన గాలితో నడుస్తుంది. అంటే పొగలో ఆక్సిజన్ పుష్కలం. కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లని విడగొట్టే పెట్రోలు కారు కిటుకు ఇక్కడ చెల్లదు. పైగా మసి. బీఎస్ 4లో డీజిల్ కారుకి కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల మసి, 250 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతించారు. బీఎస్ 6లో అవి 4.5కీ, 80కీ దిగాయి. ఆ దెబ్బకి చిన్న డీజిల్ కార్లు చాలావరకు మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. కొత్త సామాను ఖర్చు ఆ ధరలో ఇమడదు.

మసికి మందు డీపీఎఫ్, అంటే డీజిల్ మసిని వడగట్టే ఫిల్టర్. ఇది కూడా కన్నాల పింగాణీ దిమ్మే గానీ, ఒక్కో కన్నానికి ఒక చివర మూసేసి ఉంటుంది. పొగ పక్క గోడలోంచి ఇంకి బయటపడాలి, మసి గోడకి అంటుకుని ఆగిపోతుంది. ఆగిన మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి, దానికి 600 డిగ్రీల దాకా వేడి కావాలి. హైవే మీద నిలకడగా పోతే ఈ పని ఇబ్బంది లేకుండా అయిపోతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆఫీసుకీ ఇంటికీ మధ్య పాకే కారుకి ఆ వేడి రాదు. అప్పుడు కంప్యూటర్ తనే అదనంగా డీజిల్ చిమ్మి వేడి పుట్టిస్తుంది. ఆ మధ్యలో మీరు ఇంటికి చేరి ఇంజిన్ ఆపేస్తే పని సగంలో ఆగుతుంది. ఇలా పదే పదే జరిగితే ఆ డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పల్చన చేస్తుంది, డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలుగుతుంది. లైటు వెలిగిన రోజునే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అరగంట నిలకడగా తోలితే చాలాసార్లు ఆరిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే సర్వీస్ సెంటర్ బిల్లు వాచిపోతుంది. ఊళ్లోనే తిరిగేవాళ్లు డీజిల్ కారు కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

నైట్రోజన్ ఆక్సైడ్లకి మందు యూరియా. లారీ డ్రైవర్లు యూరియా ట్యాంక్ అనేది దాన్నే. వరికి వేసే బస్తా యూరియా నీళ్లలో కలిపి పోస్తే కుదరదు, అందులోని మలినాలు పరికరాన్ని పాడు చేస్తాయి. శుద్ధమైన నీళ్లలో 32.5 శాతం శుద్ధమైన యూరియా ఉండే ద్రావణం అది. వేడి గొట్టంలోకి చిమ్మితే అమ్మోనియాగా మారి నైట్రోజన్ ఆక్సైడ్లని నైట్రోజన్, నీళ్లుగా విడగొడుతుంది.

ఇంత సామాను బిగించినా అది రోడ్డు మీద పని చేస్తోందా అన్న ప్రశ్న మిగులుతుంది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ పట్టుబడింది ఇక్కడే. పరీక్ష జరుగుతోందని కారు కంప్యూటర్ కనిపెట్టి అప్పుడు మాత్రమే శుద్ధి వ్యవస్థని పూర్తిగా నడిపేది. రోడ్డెక్కాక కొన్ని మోడళ్లలో నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా వచ్చాయని అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉంది. మన దేశంలో కూడా మూడు లక్షల పైచిలుకు కార్లని వెనక్కి పిలిచారు. కారు వెనక పరికరాలు కట్టి నిజం రోడ్డు మీద కొలిచే పద్ధతికి ఊపు వచ్చింది ఆ తర్వాతే. మన దగ్గర 2023 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకి అది తప్పనిసరి.

శబ్దం, వేడి, విషం

అసలు సైలెన్సర్ అనాల్సిన డబ్బా చివర్లో వస్తుంది. సెకనుకి వంద దెబ్బల మోతని గదులుగా విభజించిన డబ్బాలోకి పంపితే, గోడలకి తగిలి తిరిగొచ్చే తరంగాలు ఎదురొచ్చే తరంగాల్ని రద్దు చేస్తాయి. మిగిలినదాన్ని కొన్ని డబ్బాల్లో గ్లాస్ ఊల్ మింగుతుంది. దీన్ని తీసేసి మోత సైలెన్సర్లు బిగించేవాళ్లలో బైకుల కుర్రాళ్లే ఎక్కువ. మన నగరాల్లో పోలీసులు వాటిని రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. కంపెనీ ఇచ్చిన బండిని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం నేరం.

వేడి సంగతి చాలామంది మరిచిపోతారు. అనంతపురం వైపు ఉలవ, కంది కట్టె నూర్పిడికి రోడ్డు మీద పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఆ ఎండు తీగ కారు కింద చుట్టుకుని వందల డిగ్రీల కన్వర్టర్‌కి తగిలితే అంటుకుంటుంది. అలా నిలువునా తగలబడిపోయిన కార్లున్నాయి. అలాంటి చోట వీలైతే పక్కనుంచి పోవాలి. తప్పకపోతే దాటాక బండి ఆపి కింద చూసుకుని చుట్టుకున్నది లాగేయాలి. ఎండుగడ్డి మీద బండి పార్క్ చేయడం కూడా ఇంతే ప్రమాదం.

వరద నీళ్లలో జనం భయపడేది పొగ గొట్టం మునిగిందని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. ఇంజిన్ నడుస్తున్నంతసేపు పొగ ఒత్తిడి నీళ్లని చాలావరకు బయటికే నెడుతుంది. ఇంజిన్‌ని చంపేది ముందువైపు ఎయిర్ ఫిల్టర్‌లోంచి సిలిండర్‌లోకి వెళ్లే నీళ్లు. నీళ్లని పిస్టన్ అదమలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మునిగి ఆగిపోయిన కారుకి మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు అనేది అందుకే. టో చేయించడమొక్కటే దారి.

అన్నిటికంటే ప్రాణాంతకం కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునేదానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. కన్వర్టర్‌కి ముందే గాస్కెట్ లీకైనా, గొట్టానికి తుప్పు కన్నం పడినా శుద్ధి కాని పొగ కారు కిందే చేరుతుంది. అలాంటి బండిలో ఏసీ వేసుకుని, అద్దాలు బిగించి నిద్రపోవడం, గాలాడని సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ముందువైపు టక్ టక్‌మని వినిపించి వేడెక్కాక తగ్గితే మేనిఫోల్డ్ గాస్కెట్ చూపించుకోండి. తలనొప్పి, మత్తు కారులోనే వచ్చి దిగితే తగ్గుతుంటే ఆ రోజే చూపించాలి.

ఇక పొల్యూషన్ సర్టిఫికెట్. రోడ్డు పక్క వ్యాన్‌లో గొట్టంలోకి పుల్ల పెట్టి చూసేది పెట్రోలు కారుకి ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. బీఎస్ 4, బీఎస్ 6 కార్లకి ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. డీజిల్‌కి యాక్సిలరేటర్ తొక్కి పొగ చిక్కదనం చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లని అక్కడ ఎవరూ కొలవరు. కాబట్టి సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన బండి అన్ని విధాలా శుభ్రమని కాదు. లేకపోతే మాత్రం 10 వేల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. టెస్టుకి వెళ్లేటప్పుడు ఇంట్లోంచి తీసిన చల్లటి బండితో నేరుగా వెళ్లకండి. పది కిలోమీటర్లు తిరిగి, కన్వర్టర్ వేడి మీద ఉండగా వెళ్లండి. అప్పటికీ ఫెయిలైతే ఆపరేటర్‌తో బేరమాడడం మాని, ముందు ఆక్సిజన్ సెన్సర్లని స్కానర్ పెట్టి చూపించండి.